మాత్రలో ఏముంది

మార్చి 6, గురువారం

పదకొండుకి ఇంకా రెండు నిమిషాలున్నాయనగా ఫోను మోగింది. నర్సమ్మాయికి ఎప్పుడూ తొందరే. నేను పదిన్నర నుంచే ఫోను పక్కన కాచుక్కూర్చున్నానని ఆ పిల్లకి తెలియడం ఇష్టం లేక, నాలుగో రింగుకి తీశాను.

"మేడమ్, ఎన్ని దిండ్లు?"

బాగున్నారా గీగున్నారా లేదు, మొదటి ప్రశ్నే అది. గుండె నీరసించినవాళ్ళు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. తల కింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటే నిద్ర పడుతుందన్నదే మా గుండెల రిపోర్టు. నవంబరులో ఆసుపత్రివాళ్ళ మందు పరీక్షలో చేరినప్పుడు నాకు మూడు కావాల్సి వచ్చేవి.

"ఒకటే," అన్నాను కాస్త గర్వంగానే.

తర్వాత బరువు, కాళ్ళవాపు, ఎన్ని మెట్లకి ఆయాసం. "మాత్రలు రెండు పూటలా వేసుకుంటున్నారా?" అంది. "వేసుకోక దాచుకుని ఏం చేసుకుంటాను?" అన్నాను. నవ్వింది. ఆఖరి ప్రశ్న, "ఇంకేమన్నా చెప్పాలాండీ?" అది కూడా ఫారంలో ఉన్నదే అని నాకు తెలుసు. అయినా ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. ఇవాళ వంటింటి కుళాయి కారుతోందని చెప్పాను. గుండెజబ్బుకీ కుళాయికీ ఏం సంబంధమని అడగకుండా ఆరు నిమిషాలు విన్నది, పాపం.

ఫోను పెట్టేశాక ఇల్లు మళ్ళీ ఎప్పటిలాగే అయిపోయింది. అక్క పోయి ఎనిమిది నెలలు. ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆవిడ నోరు పొద్దున కాఫీ దగ్గర మొదలైతే దీపం తీసేదాకా ఆగేది కాదు. "కాసేపు ఆ నోరు మూస్తావా, పేపర్లు దిద్దుకోవాలి," అని రోజుకి పదిసార్లు అనేదాన్ని. ఇప్పుడు దిద్దడానికి పేపర్లూ లేవు.

బరువు 61.2.

మార్చి 7

61.3.

మార్చి 11, మంగళవారం

మంగళవారాలు కాలేజీ ల్యాబుకి వెళ్తున్నాను. రిటైరై ఏడేళ్ళయినా ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదనుకోండి. (ఎవరికి చెప్తున్నాను ఈ 'అనుకోండి' అని? రాసేదీ నేనే, చదివేదీ నేనే.)

ఇప్పుడు ల్యాబు చూసేది నా శిష్యుడు. చదువుకునే రోజుల్లో వాడికి కంగారు అని పేరు పెట్టింది నేనే. బీకరు పట్టుకుంటే బీకరు వణికేది. ఇప్పుడు నీళ్ళని కరెంటుతో చీల్చి హైడ్రోజన్ తీసే ఉత్ప్రేరకాల మీద పని చేస్తున్నాడు. నలుగురు పిల్లలు వాడి కింద పరిశోధన చేస్తున్నారు. నన్ను చూడగానే ఈ వయసులో కూడా లేచి నిలబడతాడు. కిటికీ పక్క పాత కంప్యూటరు, నా కాలంనాటి బల్ల నాకు వదిలేశాడు.

"మేడమ్, మీకు ఏం కావాలన్నా వాడుకోండి. అడగక్కర్లేదు."

అడగక్కర్లేదన్నాడు కాబట్టి అడగలేదు.

నలభై ఏళ్ళు పిల్లలకి నేర్పింది ఒక్కటే, సీసా మీద చీటీ లేకపోయినా లోపలేముందో కనిపెట్టడం. అలాంటిది నాలుగు నెలలుగా రోజుకి రెండుసార్లు నా నోట్లో వేసుకునేదేమిటో నాకు తెలియదు. పరీక్షలో ఉన్నవాళ్ళలో సగంమందికి అసలు మందు ఇస్తారు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్ర. ఎవరికేదన్నది నర్సమ్మాయికీ తెలీదు, పెద్ద డాక్టరుకీ తెలీదు. ఎక్కడో కంప్యూటరులో తాళం వేసి ఉంటుందట. పద్ధతి మంచిదే, కాదనను. నేనే కమిటీలో ఉంటే అలాగే చేయించేదాన్ని. కానీ నేను కమిటీలో లేను, మంచం మీద ఉన్నాను.

ఆ మందు అణువు బొమ్మ పత్రికలో వచ్చింది. ఊరికే లెక్కకి పెట్టాను. దానిలోంచి ఒక ఎలక్ట్రాను లాగాలంటే ఎంత వోల్టేజి కావాలో తేల్చే ప్రోగ్రాం ఆ పాత కంప్యూటరులో ఇంకా ఉంది. వారం పడుతుందట. పట్టనీ, దానికీ తొందర లేదు, నాకూ లేదు.

మార్చి 13, గురువారం

ఇవాళ ఫోను రాదు. రెండు వారాలకోసారే.

పదకొండుకి కుళాయివాడికి ఫోను చేశాను. ఎత్తలేదు.

మార్చి 18, మంగళవారం

లెక్క తేలింది. ప్రోగ్రాం ఇచ్చిన అంకెని మన ల్యాబులో వోల్టేజి కొలిచే పరికరంలో వాడే వెండి ఎలక్ట్రోడు లెక్కలోకి మారిస్తే 0.9 వోల్టు. అంటే మాత్రని పొడి చేసి ద్రావణంలో కలిపి, వోల్టేజిని మెల్లగా పెంచుతూ పోతే, సరిగ్గా 0.9 దగ్గర తెరమీద గీత గుట్టలా లేవాలి. గుట్ట లేస్తే మందు. లేవకపోతే సుద్ద.

ఇదంతా నా కోసం కాదు. పద్ధతి పనిచేస్తుందో లేదో చూడటానికి. పనిచేస్తే ఒక చిన్న పేపరు రాయవచ్చు.

పొద్దుటి మాత్ర వేసుకోకుండా కాగితంలో చుట్టి తీసుకెళ్ళాను. కంగారు, పిల్లలు సెమినారుకి వెళ్ళారు. జాగ్రత్త కోసం 1.1 దాకా పెంచాను. గీత బల్లపరుపుగా పోయింది. ఇంకోసారి చేశాను. అంతే.

పోల్చుకోవడానికి అసలు మందు నా దగ్గర లేదు. కనీసం తలనొప్పి మాత్ర వేసి, దాని గుట్ట రావాల్సిన చోట వస్తోందో లేదో చూసుకుని పరికరాన్ని సరిచేసుకోవాలి. మొదటి ఏడాది పిల్లలకి నేను నేర్పే మొదటి పాఠమే అది, మరిచిపోయినవాణ్ణి ఆ రోజంతా నిలబెట్టేదాన్ని కూడా. ఇవాళ పిల్లలు వచ్చేసే టైమయింది. పైగా నలభై ఏళ్ళ చేయి ఇది. గిన్నెలు కడిగి పెట్టేసి వచ్చేశాను.

సుద్ద. నాలుగు నెలలు సుద్ద మింగాను. ఆశ్చర్యంగా, కోపం రాలేదు, కనిపెట్టానన్న సంతోషమే ఎక్కువగా ఉంది. అక్క ఉంటే "నీకు రోగం కన్నా లెక్క ముఖ్యం," అనేది. నిజమే.

సాయంత్రం మాత్ర వేసుకోలేదు. సుద్దెందుకు? మిగిలినవి పాత సీసాలో వేస్తున్నాను. ఆసుపత్రివాళ్ళు నెలకోసారి మాత్రలు లెక్కపెడతారు కదా.

మార్చి 20, గురువారం

పదకొండు కాకముందే.

"ఎన్ని దిండ్లు?" "ఒకటి." "మాత్రలు?" "రెండు పూటలా."

చెప్పేద్దామనుకున్నాను. చెబితే నిబంధనల ప్రకారం పరీక్షలోంచి తీసేస్తారు. ఆ పిల్ల కష్టం వృథా అవుతుంది. నా ఒక్కదాని వల్ల వాళ్ళ లెక్కలు పాడవడం ఎందుకు? సుద్ద తిన్నా తినకపోయినా ఒకటే కదా.

"ఇంకేమన్నా చెప్పాలాండీ?" అంది. కుళాయి బాగైందని చెప్పాను. కాలేదు. బాగైతే ఆ పిల్ల సంతోషిస్తుందని.

మార్చి 26, బుధవారం

ఆసుపత్రి. రక్తం తీశారు, మాత్రలు లెక్కపెట్టారు, సరిపోయాయి.

హాల్లో మళ్ళీ డ్రైవరుగారు తగిలారు. రిటైరైన బస్సు డ్రైవరు, నాలాగే ఈ పరీక్షలో ఉన్న మనిషి. పేరు అడిగే సందు ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయన నన్ను సైన్సు మేడమ్ అంటారు, నేను డ్రైవరుగారూ అంటాను. నెలకోసారి పక్కపక్క కుర్చీల్లో గంటసేపు. ఫోను వాడరు. "ముప్ఫై ఏళ్ళు హారన్ విన్నాను మేడమ్, ఇంకో మోత నాకొద్దు. ఆసుపత్రివాళ్ళ ఫోను మా ఆవిడే ఎత్తుద్ది," అంటారు.

ఆయన కూతురి ఇల్లు రెండో అంతస్తులో. పోయినేడు వీధిలో నిలబడి, బాల్కనీలోంచి చూపిస్తే మనవరాలిని చూసేవారట. ఇప్పుడు ఆగకుండా ఎక్కేస్తున్నారట.

"ఇంజన్ చప్పుడు వింటే డీజిల్లో ఏం కలిపారో చెప్పేవాణ్ణి. ఈ మాత్రలో ఏముందో మాత్రం చెప్పలేకపోతున్నా," అన్నారు.

నా నోరు ఊరుకుంటుందా? చెప్పేశాను. పొడి చేయడం, గుట్ట, అన్నీ. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంటే ఎన్నేళ్ళకో క్లాసులో నిలబడ్డట్టు అనిపించింది.

"నాది కూడా చూస్తారా మేడమ్?" అని జేబులోంచి రెండు మాత్రలు తీసి నా చేతిలో పెట్టారు. మంగళవారం సాయంత్రం నాలుగింటికి కాలేజీ గేటు దగ్గరికి వస్తానన్నారు.

వద్దనాల్సింది. అనలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

ఆయనదీ సుద్దే. రెండుసార్లు చూశాను. 1.1 దాకా గీత నున్నగా ఉంది.

గేటు దగ్గర నిలబడి ఉన్నారు, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. రిజల్టు కోసం వచ్చిన పిల్లాడిలా ఉన్నారు. చెప్పాను.

"మరి మెట్లు ఎక్కుతున్నానే?"

"మనసు చేసే మాయ అది. మందు వేసుకుంటున్నామని నమ్మితే ఒళ్ళు కూడా నమ్ముతుంది. నాకూ అంతే, మూడు దిండ్ల నుంచి ఒకటికి వచ్చాను," అన్నాను. ఈ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు గుర్తుంది. పాఠం చెప్పే గొంతు.

"అనుకున్నా లెండి," అని నవ్వేశారు. "పొద్దున్నే ఒకటి, రాత్రి ఒకటి మింగే బాధ తప్పింది. నర్సమ్మకి చెప్పమాకండి."

"నేనెందుకు చెప్తాను?"

వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చేయి ఊపారు. నాకు చేయి ఊపేవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. ఇంటికొచ్చేదాకా అదే తలుచుకున్నాను.

ఏప్రిల్ 3, గురువారం

"ఎన్ని దిండ్లు?"

"ఒకటి."

రెండు. రాత్రి రెండోది పెట్టుకున్నాను, మెడ పట్టేసిందని.

ఏప్రిల్ 7

62.9. కూరలో ఉప్పు ఎక్కువైంది. ఉప్పు లేని తిండి ఎన్నాళ్ళు తింటారు ఎవరైనా? పెద్ద డాక్టరు మామూలుగా రాసిచ్చిన నీళ్ళమాత్ర కూడా ఆపాను. అది వేసుకున్న పూట గంటకోసారి బాత్‌రూముకి పరుగెత్తాలి, బస్సులో ఎక్కడికని పరుగెత్తను? అడిగేవాళ్ళు ఎవరున్నారు.

అడిగేది ఒక్కతే. ఆ పిల్లకి అబద్ధం చెప్తున్నాను. అబద్ధం చెప్పినవాళ్ళ దగ్గర బాగుండటానికి మనసొప్పదేమో, ఏమిటో.

ఏప్రిల్ 9

బరువు చూసుకోలేదు.

ఏప్రిల్ 10

చూసుకోలేదు.

ఏప్రిల్ 12

చెప్పులు బిగుతయ్యాయి. కొత్త చెప్పులు, కొన్నాళ్ళకి సాగుతాయి. కొని రెండేళ్ళయిందని ఇప్పుడే గుర్తొచ్చింది.

మూడు దిండ్లు. మూడోది అక్కది.

ఏప్రిల్ 15, మంగళవారం

వరసగా రాయాలి. లేకపోతే ఏదో ఒకటి సర్దేసుకుంటాను.

ల్యాబుకి మెట్లెక్కుతూ మూడుచోట్ల ఆగాను. పైకి చేరేసరికి కంగారు ఒక కొత్త పిల్లకి పరికరం చూపిస్తున్నాడు. నా దగ్గర నేర్చుకున్నదే చెప్తున్నాడు, ముందు తలనొప్పి మాత్ర వేసి సరిచూసుకో అని. నాకు నవ్వొచ్చింది. వెనక కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంటూ తెర చూస్తున్నాను. తలనొప్పి మాత్ర గుట్ట 0.4 కి కాస్త ఇటుగా లేవాలి. ఆ అంకె నాకు ఇంటి నంబరులా కంఠస్థం.

0.4 దాటింది. గీత నున్నగా ఉంది. 0.6. 0.8. ఏమీ లేదు. ఒకటి దగ్గరికి వచ్చాక చక్కగా, నిటారుగా లేచింది గుట్ట.

"ఒరేయ్, అది తప్పు చోట వచ్చింది," అన్నాను.

"లేదు మేడమ్, సరిగ్గానే వచ్చింది. పోయినేడాది నుంచీ తెరమీద అంకెలన్నీ హైడ్రోజన్ స్కేల్లో వచ్చేలా పెట్టేశానండీ. మా ఉత్ప్రేరకాల పేపర్లన్నింటికీ అదే అడుగుతారు కదా. వెండి స్కేల్లో కావాలంటే ఇందులోంచి ఆరు తీసేయాలి, పాయింట్ ఆరు. చీటీ కూడా అంటించాను మేడమ్, ఇదుగో..."

పరికరం పక్కన పసుపుపచ్చ చీటీ. నా ఎడమ మోచేతికి జానెడు దూరంలో.

కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టామన్నదే అసలు విషయం. ఒకడు నేల నుంచి కొలుస్తాడు, ఒకడు బల్ల మీద నుంచి. నేను బల్ల మీద నుంచి అనుకున్నాను. తెర నేల నుంచి చూపించింది. నేను 1.1 అనుకుని ఆగిన చోటు అసలుకి 0.5. మందు గుట్ట ఉంటే గింటే 0.9 దగ్గర ఉంటుంది. నేను అక్కడిదాకా వెళ్ళనే లేదు. మేడ మీద మనిషి ఉన్నాడా అంటే సగం మెట్లెక్కి దిగివచ్చి లేడని చెప్పినట్టయింది నా పని.

"మేడమ్, ఏమైంది? మొహం అలా అయిపోయింది. మంచినీళ్ళు తెమ్మంటారా?"

"ఏం లేదు. ఎండ."

నా మాత్రలో మందు ఉండవచ్చు. లేకపోవచ్చు. నా సంగతి ఎలా పోయినా పోనీ. ఆయన.

రెండు వారాలైంది ఆయన మానేసి.

ఏప్రిల్ 16, బుధవారం

డ్రైవరుగారు డిపో దగ్గరే ఇల్లని ఒకసారి అన్నారు. రెండు బస్సులు మారి వెళ్ళాను. డిపోలో ఒక మెకానిక్కుని అడిగాను. "రిటైరైన డ్రైవరా? పేరేంటమ్మా?" తెలీదు. "ఏ రూటు తోలేవాడు?" తెలీదు. "ఎలా ఉంటాడు?" గుండెజబ్బు మనిషి, నవ్వుతూ ఉంటారు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటారు. "ఇక్కడ రిటైరైనోళ్ళందరికీ ఏదో ఒక జబ్బుంది తల్లీ," అన్నాడు జాలిగా. మనిషిని వెతికిపెడతానన్న మాట మాత్రం అనలేదు. బెంచీ మీద ముప్పావుగంట కూర్చుంటే గాని లేవలేకపోయాను.

ఆయన చిరునామా, వాళ్ళావిడ ఫోను నంబరు ఉన్నది ఒక్క నర్సమ్మాయి దగ్గరే. ఆ పిల్లకి చెప్పాలంటే అన్నీ చెప్పాలి.

రేపు ఎలాగూ గురువారం. తనే ఫోను చేస్తుంది. అప్పుడు చెప్తాను. ఒక్క రోజులో ఏమవుతుంది.

ఏప్రిల్ 17, గురువారం

పదకొండుకి ఒక నిమిషం ముందు.

"ఎన్ని దిండ్లు?" "ఒకటి." "కాళ్ళవాపు?" "లేదు."

"మేడమ్, మీ గొంతు ఎందుకో అలసటగా ఉంది." "మెట్లెక్కి వచ్చాను." "సరేనండీ. ఇంకేమన్నా చెప్పాలాండీ?"

వాళ్ళమ్మకి కంటి ఆపరేషనని తనే చెప్పింది. ఇన్నాళ్ళలో తన సంగతి చెప్పడం ఇదే మొదలు. ధైర్యం చెప్పాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. పెట్టేసేముందు, "మీతో మాట్లాడితే బాగుంటుందండీ," అంది.

చెప్పలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

పొద్దున కుర్చీలో మెలకువ వచ్చింది. పడుకోలేక కుర్చీలోనే ఉండిపోయాను. నాకే ఇలా ఉంటే ఆయనకి ఎలా ఉందోనని అప్పుడు తట్టింది. నిన్న తట్టలేదని కాదు. నిన్న పక్కకి నెట్టాను. ఎందుకు నెట్టానో తెలుసు. ఆ పిల్ల గొంతు ఇంకొక్కసారి మామూలుగా వినాలని. రాయడానికే సిగ్గుగా ఉంది.

తొమ్మిదింటికి నేనే ఫోను చేశాను.

"మేడమ్? ఇవాళ గురువారం కాదే?"

"మన పరీక్షలో ఉన్న బస్సు డ్రైవరుగారి నంబరు మీ దగ్గరుంది కదా, వెంటనే ఫోను చెయ్యమ్మా. ఆయన మాత్రలు మానేశారు. నేనే సుద్దమాత్రలని చెప్పి మానిపించాను. నా పరీక్ష తప్పు."

అటు నుంచి కాగితాలు తిరగేసే చప్పుడు. నా పేజీ వెతుకుతోందేమో అనుకున్నాను.

"మీరు?"

"నేనూ మానేశాను. మార్చి పద్ధెనిమిది నుంచి."

"ఒకటే దిండన్నారు నాతో."

"అన్నాను."

"నేను అదే రాశానండీ," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "ఇప్పుడెన్ని?"

"కుర్చీలో కూర్చునే పడుకుంటున్నాను."

"రెండు జతల బట్టలు సర్దుకోండి. బండి పంపిస్తాను. ముందు ఆయనకి చేస్తాను."

ఏప్రిల్ 24, గురువారం

ఆసుపత్రి. మందుల చీటీ వెనక రాస్తున్నాను, తర్వాత పుస్తకంలో అతికించాలి. ఒంట్లోంచి అయిదు కిలోల నీళ్ళు తీశారు.

పొద్దున పదకొండు కొట్టింది. అలవాటుగా గోడ గడియారం చూశాను, అంతే.

నిన్న పెద్ద డాక్టరు వచ్చాడు. తిట్టాడు, తిట్టాల్సినంత తిట్టాడు. కంప్యూటరులో తాళం వేసిన కోడు తెరిపించారట. "మీ మాత్రలో ఏమీ లేదు. ఉత్తి మాత్రే," అన్నాడు. ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది, చూశావా నేను చెప్పలేదూ అని. ఎంత దిక్కుమాలిన బుర్ర నాది.

మరి మూడు దిండ్లు ఒకటెలా అయ్యాయి అని అడిగాను. "నీళ్ళమాత్ర టైముకి వేసుకున్నారు, ఉప్పు మానేశారు, రోజూ బరువు చూసుకున్నారు. రెండు వారాలకోసారి ఒకరు అడుగుతారు కదా," అన్నాడు. అది తీసిపారేసే మాటలా అన్నాడు.

"డ్రైవరుగారిది?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అది ఆయనకి చెప్పాల్సిన సంగతి. మీకు చెప్పకూడదు." కిటికీ వైపు చూసి, "చెప్పడానికి నాకూ మనసు రావట్లేదు," అన్నాడు. తర్వాత నేను అడగలేదు. తెలిసిపోయింది.

నర్సమ్మాయి ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. ఇన్నాళ్ళూ ఫోనులో విన్న గొంతుకి మనిషి చాలా చిన్నది. ఫారం ఇచ్చి, సంతకం ఎక్కడో వేలితో చూపించింది. "మీ అమ్మగారి కన్ను ఎలా ఉంది?" అన్నాను. "బాగుందండీ," అంది. ఇంక గురువారాలు నాకు ఫోను రాదు, పరీక్షలోంచి తీసేశారు. తనే చెప్పింది, నేల చూస్తూ. అంత మంచి పిల్ల చేత మూడుసార్లు అబద్ధాలు రాయించాను. క్షమించమన్నాను. తల ఊపింది, ఎందుకు ఊపిందో తెలియలేదు.

ఏప్రిల్ 26, శనివారం

డ్రైవరుగారిని చేర్చిన మగవాళ్ళ వార్డు ఈ అంతస్తులోనే, అటు చివర. పొద్దున గోడ పట్టుకుని నడిచాను. నాలుగో మంచం. ముక్కుకి గొట్టం, వేలికి క్లిప్పు. సగమైపోయారు. నన్ను చూసి లేవబోయారు, వద్దన్నాను.

దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. ఆయనే ముందు అన్నారు.

"డాక్టరుగారు చెప్పారు మేడమ్. నాది మందేనంట."

"నేను తప్పు కొలిచాను. పరికరం స్కేలు మార్చారు, చూసుకోలేదు. సరిచూసుకోవాల్సిన పని, సరిచూసుకోలేదు."

"అయితే ఆ మెట్లు నేనెక్కింది..."

"మందు వల్లే."

"మనసు మాయ అన్నారు మీరు."

"అన్నాను."

తిడతారని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే తిట్టించుకుందామనే వచ్చాను. తిడితే నాకు కాస్త తేలికయ్యేది.

"ఇంక ఇవ్వరంట కదా?"

"కోడు తెరిచాక ఇవ్వరు."

"బయట దొరకదా?"

"బజారులోకి రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టవచ్చు."

"రెండేళ్ళు," అన్నారు. వేలికున్న క్లిప్పుని కాసేపు చూసుకున్నారు. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "మేడమ్, మా ఆవిడ టీకి కిందకెళ్ళింది. తనకి ఈ సంగతి చెప్పమాకండి. సుద్దమాత్రలని మీరు చెప్పారని నేను చెబితే, సీసా చెత్తలో పారేసింది తనే. ఎక్కడ మళ్ళీ మింగుతానో అని, దొడ్డి దగ్గర డబ్బాలో కాదు, వీధి చివర చెత్తబండిలో వేసొచ్చింది. అసలు మందని తెలిస్తే తనని తను తినేస్తుంది. డాక్టరుగారిక్కూడా చెప్పాను, నా కాగితాలు తనకి చూపించొద్దని."

నేను ఏం అనేలోపే ఆవిడ వచ్చేసింది. సన్నగా, పొట్టిగా, చేతిలో రెండు కాగితం గ్లాసులు. నన్ను ఎగాదిగా చూసింది.

"సైన్సు మేడమ్ మీరేనా?"

"నేనేనమ్మా."

గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, అడిగేసింది.

"నర్సమ్మ ఫోను చేసి వెంటనే రమ్మంది గానీ, ఎవరూ సరిగ్గా చెప్పట్లేదండీ. మీరు చదువుకున్నవాళ్ళు, మీ చేత్తో చూశారు. ఆయన అవి మానేసిన దగ్గర్నుంచే జారిపోయారు. ఆ మాత్రల్లో నిజంగా ఏమీ లేదా?"

ఆయన నా వైపు చూడలేదు. కళ్ళు మూసుకున్నారు.

"ఏమీ లేదమ్మా," అన్నాను.

"సరిగ్గా చూశారా?"

"చూశాను. రెండుసార్లు."

"హమ్మయ్య," అంది ఆవిడ. భుజాలు దిగాయి. ఎన్నాళ్ళ నుంచో బిగబట్టుకుని ఉన్నట్టుంది, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. "అయితే పోయిందేం లేదు. నేనే పారేశానండీ ఆ సీసా. పది రోజుల్నుంచి ఒకటే గుండెదడ." తన గ్లాసు తీసి నా చేతిలో పెట్టి, మంచం పక్కనున్న ఒక్క కుర్చీనీ నా వైపు జరిపింది. "కూర్చోండి మేడమ్. మీకూ ఆయాసం వస్తున్నట్టుంది."